ముప్ఫై ఏడో నంబరు

శుక్రవారం సాయంత్రం ఆరున్నర.
నూనె చిటపటల్లో
సగం మాటలే వినిపిస్తాయి నాకు.
ఆ సగంతోనే ఇరవై ఒక్కేళ్ళుగా
ఈ వీధిని చదువుకుంటున్నాను.

"ముప్ఫై రెండు! రెండు చేపలు, ఒక స్కూప్ చిప్స్!"

డనీడిన్‌కి దక్షిణాన, పల్లంలో మేం.
పచ్చిక కింద మోకాలి లోతు తవ్వితే
నీళ్ళు.
సముద్రం మా పక్కన లేదు,
మేమే దాని నెత్తిన అద్దెకున్నాం.
కొండమీది వాళ్ళకి ఈ సంగతి
మూడేళ్ళకోసారి గుర్తొస్తుంది.

కౌన్సిల్ కవర్లు పోస్టులో వచ్చి పది రోజులు.
ఒక్కరిని ఎంచుకుని చేతులు దులుపుకుంటే కుదరదిక్కడ.
పేర్ల పక్కన అంకెలు వెయ్యాలి,
నచ్చినవాళ్ళకి ఒకటి,
తర్వాత రెండు, మూడు,
ఓపికున్నంత దూరం.

"హాల్డేన్‌కి ఒకటి," అన్నాడు ఫియాలా,
ఇళ్ళ కప్పులేసే మనిషి, బూట్ల నిండా తారు.
"పంపింగ్ స్టేషన్ కట్టిస్తానన్నాడు."
"పోయినసారీ కట్టించాడుగా," అంది కోరలీ,
"మా కంచెకి కొట్టిన బోర్డు మీద.
ఏరు దాటాక తెప్ప తగలేసే రకం."
"ఆయన ఏరెప్పుడు దాటాడు?
పుట్టిందే అవతలి గట్టున!"
బెంచీ మీద ఎవరో. అందరూ నవ్వారు.
హాల్డేన్‌కి ఓటేసేవాళ్ళు కాస్త గట్టిగా.

"ముప్ఫై మూడు! ముప్ఫై నాలుగు!"

మారెవా పేరు రాగానే నవ్వాగింది.
ఇళ్ళు కొనేసి మనల్ని మెరకకు పంపించి
చిత్తడినేలను మళ్ళీ చిత్తడికే అప్పగిద్దామంటుందామె.
"మా నాన్న చేత్తో కలిపిన సిమెంటు అది,"
డెస్మండ్ గొంతు వణికింది, "కప్పలకిచ్చెయ్యాలా?"
"అబద్ధమాడలేదు కదా," అంది కోరలీ మెల్లగా.
"అందుకే ఓడిపోతుంది."
ఇక పన్ను తగ్గిస్తానన్న టల్లక్ దగ్గరికొచ్చేసరికి
ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.
నా సగం కూడా పోయింది.

నన్నెవరూ అడగరు.
వెనిగర్ కావాలా అని నేనే వాళ్ళని అడుగుతాను.
అడిగితే చెప్పేదాన్నేమో:
బట్టంబాంగ్‌లో మా ఇల్లు గుంజల మీద నిలబడేది.
వానాకాలం నీళ్ళు వచ్చి కింద పడుకుని
వాటంతటవే లేచి వెళ్ళిపోయేవి.
ఇక్కడి ఇళ్ళు నేలకు అతుక్కుని కూర్చున్నాయి,
మొండి పిల్లల్లా.

ఐల్సా ఇంతవరకూ నోరు విప్పలేదు.
ఎనభై మూడేళ్ళు. ఆ వరద రాత్రి
వంటింటి బల్ల మీద కూర్చుని
ఫ్రిజ్ తేలడం చూసిన మనిషి.
"వీళ్ళలో," అంది, "మురుగు జాలీ ఎత్తడం
ఎవరికి వచ్చో ఎవరైనా అడిగారా?"

"నువ్వే నిలబడరాదూ, ఐల్సా!"
"నామినేషన్లు ఆగస్టులోనే అయిపోయాయి," అంది,
గొడుగు తీసుకుంటూ.
అప్పటికే అద్దం మీద వాన.

"ముప్ఫై ఏడు! ఒక చేప, చిన్న చిప్స్!"
ఎవరూ రాలేదు.
"ముప్ఫై ఏడు!"

అద్దంలోంచి కనిపించింది.
వీధి మలుపులో పసుపు రెయిన్‌కోటు,
తెరవని గొడుగు మొనతో
జాలీలోంచి ఆకులు కెలుకుతూ.
అందరూ చూశారు.
హాల్డేన్‌వాళ్ళు, మారెవావాళ్ళు, టల్లక్‌వాళ్ళు,
ఒకే అద్దం, ఆరేడు ముఖాలు,
ఒక్క కాలూ కదల్లేదు కాసేపు.
తర్వాత ఫియాలా చిప్స్ బల్ల మీద పెట్టి
జిప్పు పైకి లాక్కుంటూ వెళ్ళాడు.
డెస్మండ్ తలుపు దాకా వెళ్ళి,
వానను చూసి, అక్కడే నిలబడ్డాడు.
"రెండో అంకె ఎవరికి వేస్తున్నావ్?" అని
వెనకనుంచి ఎవరో అడిగారు అతన్ని.

ఐల్సా పొట్లం పొయ్యి పైన వెచ్చగా పెట్టాను.
గల్లా పెట్టె కింద నా కవరు అలాగే వుంది,
అంచున నూనె మరక.
పేర్లన్నీ చదివాను, మూడు సార్లు.
పెన్ను తీశాను.
బయట నీళ్ళు దారి కనుక్కున్న చప్పుడు,
గొంతు దిగుతున్నట్టు.

తలుపు తెరిచి ఇంకోసారి పిలిచాను,
"ముప్ఫై ఏడు!"